కంచం కింద చొక్కా

రాత్రి విందులో మిగిలిన బంగాళదుంప న్యోకీల గిన్నెకి సీలు వేసి, పైన తన సంతకం పెట్టి, ప్రాసిక్యూటర్ బెంగోలెయా దాన్ని రోసారియోలోని ప్రయోగశాలకి పంపించేశాడు. ఇన్‌స్పెక్టర్ ఎల్విరా క్లబ్బు గేటు దగ్గర జీపు దిగేసరికి ఆ గిన్నే ఎదురొచ్చింది. ఒక కానిస్టేబులు దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒలుకుతుందేమోనని చిన్న చిన్న అడుగులు వేస్తూ కారు వైపు నడుస్తున్నాడు.

"ఏంటది?"

"సాక్ష్యం, మేడమ్."

"తిన్నవాళ్ళంతా బానే ఉన్నారుగా?"

"ఉన్నారు మేడమ్. మా మామయ్య మూడుసార్లు వడ్డించుకున్నాడు. పొద్దున్నే లేచి పనికి కూడా పోయాడు." అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "ఆ సారు ఆర్డరు మేడమ్" అని గొణిగి, కళ్ళు దించుకుని దాటుకుపోయాడు.

విషయం పైకి చూస్తే చిన్నదే. సేమ్యా ఫ్యాక్టరీ యజమాని అన్సెల్మో గ్రదాస్కి అనే ఆయన, మునిగిపోతున్న మొలినెరో ఫుట్‌బాల్ క్లబ్బుని ఒడ్డున పడేస్తానని మాటిచ్చాడు. అప్పులన్నీ తన నెత్తిన వేసుకుంటున్నట్టు ఈ సాయంత్రం సభ్యులందరి ముందూ సంతకం పెట్టాలి. పెట్టకపోతే సోమవారం కోర్టు వాళ్ళు మైదానాన్ని వేలం వేస్తారు. ఆయన స్థానంలో ఇంకొకరి సంతకం చెల్లదు. అలాంటి మనిషి నిన్న రాత్రి కమిటీ విందు జరుగుతుండగా లేచి వెళ్ళి, విందు ముగిసి అందరూ ఇళ్ళకి పోయాక ఆటగాళ్ళ సామాన్ల గదిలో తల పగిలి కనిపించాడు. ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఒకే మాట రెండుసార్లు గొణిగాడు. "న్యోకీ... న్యోకీ..."

బెంగోలెయా ఆ మాట పట్టుకున్నాడు. నిన్న ఇరవై తొమ్మిదో తారీఖు. ఆ రోజు ఏ ఇంటి పొయ్యి మీద చూసినా ఆ బంగాళదుంప ముద్దలే ఉడుకుతాయి. రాబోయే నెలంతా చేతిలో డబ్బు ఆడాలని కంచం కింద ఒక నోటు పెట్టుకుని మరీ తింటారు. విందులో పెట్టిందీ అదే. కాబట్టి తిండిలో ఏదో కలిపారు, కళ్ళు తిరిగాయి, ఆ తర్వాత తల మీద దెబ్బ పడింది. కలిపింది ఎవరు? విందులో వైన్ పోస్తూ తిరిగిన డప్పులవాడు తుర్కో. కేసు అయిపోయింది.

ఎల్విరా మైదానం అంచు వెంట నడిచింది. పచ్చిక ఎండి పాత గోనెసంచి రంగుకి తిరిగింది. ఆమె చూపు తిప్పుకుంది. ఆ పచ్చికకి నీళ్ళు పెట్టడం ఆమె భర్త నెస్తోర్ ఉద్యోగం. పంపు చెడిపోయిందని అతను చెప్పాడు. ఎప్పుడు చెడిందో, ఎప్పుడు బాగుచేస్తారో ఆమె అడగలేదు.

అవతలి జట్టు బట్టలు మార్చుకునే గదిలో తుర్కోని కూర్చోబెట్టారు. అసలు పేరు సలీమ్ యాపూర్. ఆట ఉన్న రోజున పెద్ద డప్పు మోగించేది అతనే. అతని చేతులకి బేడీలు చూస్తే ఎల్విరాకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"పోయిన వారం గ్రదాస్కి కారుకి అడ్డంగా పడుకున్నావట?"

"పడుకున్నా. మన జట్టు చొక్కా మీద ఆకుపచ్చ అక్షరాలు వేస్తానన్నాడు ఎల్విరా! ఆయన సేమ్యా పొట్లం రంగట. ఆకుపచ్చ ఎవరిదో నీకు తెలీదా?"

"రైలు పట్టాల అవతలి జట్టుది."

"చూశావా, పోలీసువైనా నీ నోటికీ వాళ్ళ పేరు రాలేదు. మరి నేను పడుకోనా? నా మీంచి తోలుకుపొమ్మన్నా. ఆయన దిగి నా పక్కన కూర్చుని, 'లేవయ్యా, తెల్ల అక్షరాలే వేయిస్తా, నా ప్యాంటు కూడా మాసిపోతోంది' అన్నాడు. అయిపోయింది గొడవ. నిన్న ఆయన గ్లాసులో నా చేత్తోనే పోశా."

"ఆ చెయ్యే బెంగోలెయాకి కనిపించింది మరి."

"ఉత్తరం వైపు గోలు వెనకాల మట్టిలో మా అమ్మ బూడిద ఉంది." తుర్కో గొంతు మారింది. "నువ్వూ వచ్చావు ఆ రోజు. సోమవారం వేలం పడితే ఆ స్థలం ఎవడో సూపర్‌మార్కెట్ వాడు కొంటాడు. మా అమ్మ మీద కార్లు నిలబెడతారు. ఒక్క మనిషి సంతకంతో అది ఆగుతుంది. ఆ మనిషి తల నేను పగలగొడతానా, చెప్పు."

చెప్పాల్సిన పని లేదు. ఎల్విరా కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"భోజనాల దగ్గర గ్రదాస్కి ఏమన్నా మాట్లాడాడా?"

"గ్లాసు పట్టుకుని లేచాడు. 'కడుపారా తినండి, రేపటినుంచి ఈ క్లబ్బులో న్యోకీలు ఉండవు' అన్నాడు. అందరూ నవ్వారు."

"ఎందుకు నవ్వారు?"

"ఎందుకంటే... తెల్లారితే ముప్ఫయ్యో తారీఖు కదా."

అంటూ తుర్కో తన బేడీల వంక చూసుకున్నాడు. ఎదుటివాడి కళ్ళలోకి చూడకుండా మాట్లాడటం అతనికి చిన్నప్పటినుంచీ రాదు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. ఎల్విరాకి ఆ సంగతి బాగా తెలుసు.

"అందరూ నవ్వారా?"

"నవ్వినవాళ్ళు నవ్వారు."

"నవ్వనిది ఎవరు?"

"నేను సీసా మూత తీస్తున్నా."

"చెవులతో తీస్తున్నావా?"

తుర్కో బేడీల చేతులు ముందుకి చాపాడు. "ఎల్విరా, మా తమ్ముణ్ణి పట్టుకెళ్ళినప్పుడు స్టేషన్లో వాడి మీద ఎవరి చెయ్యీ పడనివ్వకుండా చూశావు. ఆ రుణం నాకుంది. నన్నింకేం అడక్కు. కావాలంటే నాలుగు రోజులు లోపల పెట్టు, ఉంటా."

తప్పు చెయ్యని మనిషి జైల్లో కూర్చుంటానంటున్నాడు. ఎవరిని కాపాడ్డానికి? ఆమె లేచి బయటికి వచ్చింది. నడవా సగం దాటాక గ్రదాస్కి అన్న మాట మళ్ళీ చెవిలో మోగి, కాళ్ళు వాటంతటవే ఆగాయి.

రేపటినుంచి ఈ క్లబ్బులో న్యోకీలు ఉండవు.

నెలంతా మొహం చూపించకుండా, ఇరవై తొమ్మిదిన జీతం అందుకోవడానికి మాత్రం వచ్చే మనిషినీ ఈ దేశంలో న్యోకీ అనే అంటారు. ఆఫీసుల్లో, మునిసిపాలిటీల్లో, మంత్రుల గదుల్లో అందరూ ఆడే మాటే. బడిపిల్లలకీ తెలుసు, బెంగోలెయాకీ తెలుసు. కానీ నిన్న రాత్రి ఊరంతా ఆ ముద్దలు నములుతూ కూర్చుంది. అందుకే రెండో అర్థం ఎవరికీ తట్టలేదు.

భోజనాల హాల్లో బల్ల రాత్రి ఉన్నది ఉన్నట్టే ఉంది. ఏదీ ముట్టుకోవద్దని బెంగోలెయా ఆజ్ఞ. అతను కిటికీ దగ్గర నిలబడి, వంట చేసే నియెవెస్ మీద అరుస్తున్నాడు. డెబ్భై దాటిన నియెవెస్ పొయ్యి గుడ్డ నలుపుకుంటూ తలుపుకి ఆనుకుని ఉంది.

"రండి ఇన్‌స్పెక్టర్ గారూ" అన్నాడు బెంగోలెయా. "మీ బాల్యమిత్రుడు ఒప్పుకున్నాడా, లేక ఇద్దరూ బడి కబుర్లు చెప్పుకున్నారా?"

"అతన్ని వదిలేయండి. ఆ గిన్నెని కూడా వెనక్కి పిలిపించండి. రోసారియో వాళ్ళు నవ్వుకుంటారు."

"అంటే?"

"గ్రదాస్కి తిండి గురించి కలవరించలేదు. మనిషి గురించి చెప్పాడు. క్లబ్బులో పని చెయ్యకుండా జీతం తీసుకునే న్యోకీ ఒకడున్నాడు. వాడి సంగతి ఆయనకి తెలిసింది. రాత్రి విందులో అందరి ముందూ నవ్వుతూనే వాడికి చెప్పేశాడు, రేపటినుంచి నీకు జీతం లేదని."

బెంగోలెయా చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క క్షణమే. "వంటింటి తెలివి, బాగుంది. సరే, మీరన్నట్టే అనుకుందాం. ఎవడు వాడు? కమిటీ వాళ్ళందర్నీ నేను విడివిడిగా ప్రశ్నించాను. గ్రదాస్కితో కలిపి ఎనిమిది మంది తిన్నారు. ఆయన ఒక్కడే మధ్యలో లేచాడు, మళ్ళీ రాలేదు, ఇంటికి పోయాడేమో అనుకున్నాం అంటున్నారు. మిగతావాళ్ళు చివరిదాకా కదల్లేదు. అందరూ ఒకే మాట. అందరూ కూడబలుక్కుని నాతో అబద్ధమాడారంటారా?"

"కంచాలు తొమ్మిదున్నాయి."

అతను బల్ల వైపు తిరిగాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు.

"ఎవరైనా వస్తారేమోనని ఒకటి ఎక్కువ పెట్టా" అంది నియెవెస్ గబగబా.

"రాని మనిషి కంచంలో టమాటా పులుసు రొట్టెతో తుడిచి ఉందే పిన్నీ?"

నియెవెస్ వంటింట్లోకి పోయి, మాతె ఆకుల టీ కాచి, గిన్నెలో గొట్టం పెట్టి తెచ్చి ఎల్విరా చేతికిచ్చింది. "పొద్దుట్నుంచీ ఏమీ తాగుండవు. చక్కెర వేశా తల్లీ" అంది. ఎవరైనా పోయిన ఇంట్లో మాట్లాడినంత మెత్తగా అంది. ఎల్విరా ఒక గుక్క తాగి పక్కన పెట్టింది. బెంగోలెయా వెక్కిరింతకి జవాబు చెప్పాలన్న తహతహలో ఆమెకి ఆ మెత్తదనం పట్టలేదు.

"చూడండి" అంది అతనితో. "ఇరవై తొమ్మిదిన కంచం కింద పెట్టిన నోటు ఎవరూ వదిలి పోరు. తిని లేచేటప్పుడు తీసి జేబులో పెట్టుకుంటారు, అదృష్టాన్ని ఇంటికి తీసుకుపోతారు. చివరిదాకా కూర్చున్నవాళ్ళ కంచాల కింద ఏమీ ఉండదు. మధ్యలో లేచిపోయినవాడి నోటు మాత్రం అక్కడే ఉండిపోతుంది. గ్రదాస్కిది ఉండాలి. ఆయన వెనకాల వెళ్ళినవాడిదీ ఉండాలి. మీరు గిన్నెకి సీలు వేశారు గానీ కంచం ఎత్తి చూడలేదు."

"ఎత్తండి" అన్నాడు బెంగోలెయా చేతులు కట్టుకుని. "నేను సాక్షిని."

ఆమె చేతికి తొడుగు వేసుకుని ఒక్కొక్క కంచమే ఎత్తుకుంటూ పోయింది. ఏమీ లేదు. ఏమీ లేదు. బల్ల ఒక పక్కంతా అయిపోయింది. బల్ల మొదట్లో కూర్చున్న గ్రదాస్కి కంచం కింద కొత్త నోటు, మడత పడకుండా ఉంది. ఎల్విరా బెంగోలెయా వంక చూసింది. అతను తల ఆడించాడు, తప్పదన్నట్టు. ఆమెకి లోపల ఎక్కడో సంతోషం కలిగింది. ఆ సంతోషంతోనే తలుపు దగ్గరి చివరి కంచం ఎత్తింది.

నోటు ఉంది. దాన్ని మడిచి చొక్కా చేశారు. చిన్న చొక్కా. కాలరు, రెండు పొట్టి చేతులు, కింద అంచు.

వేలి గోరంత కాలరు. దాన్ని అలా నిలబెట్టాలంటే అంచుని వెనక్కి విరవాలి, గోటితో రెండుసార్లు గీయాలి. ఎల్విరాకి తెలుసు. ఇరవై ఏళ్ళుగా ప్రతి నెలా ఆమె కంచం కింద ఇలాంటి చొక్కా ఉంటోంది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళేసరికి నెస్తోర్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తలనొప్పిగా ఉంది, ఎక్కడికీ పోలేదు అన్నాడు. ఆమె కోసం మూత పెట్టిన కంచం బల్ల మీద ఉంది. అలవాటుగా ఎత్తి చూస్తే కింద ఏమీ లేదు. మర్చిపోయాడనుకుంది. ఆ చిన్న విషయానికి మనసు కష్టపెట్టుకున్నందుకు తనని తనే తిట్టుకుని తినేసింది.

"ఏంటది, చిన్నపిల్లల ఆటా?" బెంగోలెయా దగ్గరికి వచ్చాడు.

ఆమె కంచాన్ని పక్కన పెట్టింది. మైదానం మట్టి ఎర్రగా, పొడిగా ఉంటుంది. నెస్తోర్ బూట్లకి సాయంత్రాలు అంటుకొచ్చేది నల్లటి బంకమట్టి, చేపల వాసన కొట్టే ఏటి ఒడ్డు మట్టి. పెరటి తొట్టి దగ్గర కూర్చుని పుల్లతో గీకి గీకి కడిగింది ఆమే. చేతులకి ఆ వాసన పోక నిమ్మచెక్కతో రుద్దుకుంది. మనుషుల్ని ప్రశ్నలడగడమే తన ఉద్యోగం. దొంగ ఏ దారిన వచ్చాడో బూటు మట్టి చూసి చెప్పి మెడల్ తెచ్చుకుంది. ఇంట్లో మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వేస్తే జవాబు వస్తుందని భయం.

"అది నాది" అంది నియెవెస్.

ఇద్దరూ తిరిగి చూశారు. ముసలావిడ గుడ్డ పక్కన పడేసి ముందుకి వచ్చింది. "నేనే ఆ చివర కూర్చుని తిన్నా. నేనే మడిచా. వంటమనిషి కమిటీ బల్ల దగ్గర కూర్చుందంటే బాగోదని చెప్పలేదు."

"ఓహో." బెంగోలెయా జేబులోంచి ఒక నోటు తీసి ఆమె ముందు పెట్టాడు. "అయితే ఇంకోటి మడవండి అమ్మా. నేను చూస్తాను."

నియెవెస్ నోటు తీసుకుంది. సగానికి మడిచింది. మళ్ళీ సగానికి. ఆ తర్వాత వేళ్ళు ఆగిపోయాయి. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. కీళ్ళు వాచిన ఆ వేళ్ళకి మడత కుదరలేదు. ఎల్విరా వైపు చూడకుండా, చూడకూడదని పట్టుబట్టినట్టు, నోటునే నలుపుతోంది. బెంగోలెయా పెదవి చివర నవ్వు మొదలైంది.

ఎల్విరాకి అప్పుడు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. గిన్నె మోస్తూ కళ్ళు దించుకున్న కానిస్టేబులు. జైల్లో ఉంటానన్న తుర్కో. చక్కెర వేసిన మాతె. ఒకే అబద్ధం చెప్పిన కమిటీ. కాపాడుతున్నది నెస్తోర్‌ని కాదు, తనని.

"ఎన్నాళ్ళుగా పిన్నీ?" అంది.

నియెవెస్ కళ్ళు ఒత్తుకుంది. "నాలుగేళ్ళు తల్లీ. మోకాలు పోయి ఆట మానేశాక పాత ప్రెసిడెంటు జాలిపడి పేరుకి ఉద్యోగం ఇచ్చాడు. మొదట్లో వచ్చేవాడు. తర్వాత గాలం పట్టుకుని ఏటికి పోవడం మొదలుపెట్టాడు. నీకు చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నాం. నీ మొహం చూస్తే నోరు రాలేదు."

"ఊళ్ళో అందరికీ తెలుసా?"

ముసలావిడ తల దించుకుని, ఔనన్నట్టు ఊపింది.

రొట్టెల కొట్టువాడు ప్రతి ఆదివారం రెండు బన్నులు ఎక్కువ వేసేవాడు. తన యూనిఫామ్‌ని చూసి గౌరవమనుకుంది. ఆట చూడ్డానికి వస్తే పక్కకి జరిగి చోటిచ్చేవాళ్ళు. క్లబ్బు చిల్లులు పడి మునుగుతుంటే, పిల్లల జట్టుకి బూట్లు లేక చందాలు పోగేస్తుంటే, ఆ చందా డబ్బాలో తనూ వేసింది, అందరూ చూస్తుండగా. వాళ్ళు చూస్తూ ఏమనుకున్నారో! నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది. నేల చీలలేదు. బల్ల అక్కడే ఉంది, బెంగోలెయా అక్కడే ఉన్నాడు.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అన్నాడు అతను. "ఎవరి గురించి ఈ ఏడుపులు?"

ఎల్విరా చేతి తొడుగు తీసేసింది. నియెవెస్ చేతిలోంచి నలిగిన నోటు తీసుకుని బల్ల మీద సాపు చేసింది. నిలువుగా రెండు మడతలు. పైన అంచు వెనక్కి విరిచి, గోటితో ఒకసారి, మళ్ళీ ఒకసారి గీసింది. కింది కొసలు లోపలికి తోసి, రెండు చేతులు బయటికి లాగింది. కళ్ళు ఎక్కడో ఉన్నాయి, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. తయారైన చొక్కాని మొదటి చొక్కా పక్కన పెట్టింది.

రెండూ ఒకలాగే ఉన్నాయి.

"మా అత్తగారు నేర్పిన మడత" అంది. "ఆవిడ పోయారు. ఇప్పుడిది తెలిసినవాళ్ళు ఇద్దరే. విందు జరిగినంతసేపూ నేను స్టేషన్లో ఉన్నాను, నలుగురు చూశారు. రెండోవాడి పేరు రాసుకోండి. నెస్తోర్ ఫెరెయ్‌రా. నా భర్త."

బెంగోలెయా జేబులోంచి కలం తీశాడు గానీ రాయలేదు. వెక్కిరించడానికి ఇంతకంటే మంచి అవకాశం అతనికి రాదు. అతను రెండు చొక్కాల వంకా చూసి, తన బూట్ల వంక చూసుకుని, గుమ్మంలో ఉన్న పోలీసుతో నెమ్మదిగా అన్నాడు, "ఆ డప్పులాయనకి బేడీలు తియ్యండి." ఎల్విరాకి ఆ మర్యాద వెక్కిరింత కంటే ఎక్కువ మండింది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. ఆసుపత్రిలో గ్రదాస్కి గది ముందు కాపలా పెట్టిన కానిస్టేబులు పెరాల్తా.

"మేడమ్, మంచి కబురు! పెద్దాయన కళ్ళు తెరిచారు. మాట కూడా శుభ్రంగా వస్తోంది. సాయంత్రం సంతకానికి కుర్చీలో మోసుకెళ్ళైనా తీసుకెళ్ళమంటున్నారు. నిన్న తనని తోసిందెవరో మీకే చెప్తారట, ఇంకెవరికీ చెప్పరట."

ఎల్విరా ఊపిరి వదిలింది. "నువ్వు గుమ్మం దగ్గరే ఉన్నావుగా?"

"కింద క్యాంటీన్లో ఉన్నా మేడమ్. రాత్రినుంచీ ఏమీ తినలేదుగా. ఏం ఫర్వాలేదు, పైన సారు కూర్చున్నారు."

"ఏ సారు?"

"మన సారే మేడమ్, నెస్తోర్ గారు. మీరు పంపారని చెప్పారు. పాపం, నన్ను తినేసి రమ్మన్నారు. రోగి కళ్ళకి వెలుతురు పడకూడదని లోపల్నుంచి గడియ కూడా వేసుకున్నారు."

బెంగోలెయా ఆమె మొహం చూసి అప్పటికే కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

"పెరాల్తా, పైకి పరిగెత్తు" అంది ఎల్విరా. గొంతు తగ్గించలేదు. నియెవెస్‌కీ, గుమ్మంలో పోలీసులకీ, బేడీలు ఊడి నడవాలోకి వచ్చిన తుర్కోకీ అందరికీ వినపడేలా అంది. "ఆయన నా మొగుడని చూడకు. తలుపు పగలగొట్టు."